తప్పు చేసే స్థోమత

ఏడాదికి ఏడున్నర లక్షలు సంపాదించే కుటుంబం ఏ తరగతికి చెందుతుంది? ప్రభుత్వాన్నే అడిగితే మూడు జవాబులు వస్తాయి. 2019లో వచ్చిన 103వ రాజ్యాంగ సవరణ కింద ఇచ్చే పది శాతం రిజర్వేషన్ లెక్కలో, భూమి, ఇల్లు షరతులకు లోబడి ఉంటే, అది ఆర్థికంగా బలహీనమైన కుటుంబం. అక్కడ గీత 8 లక్షల దగ్గర గీశారు. అదే కుటుంబం తెలంగాణలో రేషన్ కార్డుకు దరఖాస్తు పెట్టుకుంటే కలిగినవాళ్ల కింద లెక్క. పల్లెలో లక్షన్నర, పట్టణంలో రెండు లక్షలు దాటితే కార్డు రాదు. ఇక 2025 ఫిబ్రవరి 1న ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ గురజాడ మాటను తలుచుకుంటూ చదివిన బడ్జెట్ ప్రసంగంలో, మధ్యతరగతికి ఊరట పేరిట, కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను కట్టనక్కరలేదన్నారు. ఒకే జీతం ఒక కౌంటర్ దగ్గర పేదరికం, పక్క కౌంటర్ దగ్గర కలిమి, మూడో కౌంటర్ దగ్గర మధ్యతరగతి.

మనుషులు తమ గురించి తాము చెప్పుకునే లెక్క ఇంకా చిత్రంగా ఉంటుంది. 2014లో దేశమంతటా జరిగిన ఒక పెద్ద సర్వేలో దాదాపు సగం మంది తమది మధ్యతరగతి కుటుంబమే అన్నారు. ఆదాయాలు చూస్తే అంతమంది అక్కడ పట్టరు. అట్టడుగు ఆదాయం ఉన్నవారిలోనూ చాలామంది అదే మాట చెప్పారు.

వాళ్లు అబద్ధమాడారనుకోనక్కరలేదు. "మాది మధ్యతరగతి అండీ" అనే మాటలో ఎంతో కొంత పైకి వచ్చామన్న తృప్తి, కాలు జారితే మళ్లీ మొదటికే వస్తామన్న బెంగ కలిసే ఉంటాయి. ఒక పెద్ద జబ్బు, ఒక ఉద్యోగం ఊడటం, ఒక ప్రవేశపరీక్షలో ర్యాంకు రాకపోవడం చాలు. బాగా ఉన్నవాళ్ల అబ్బాయి ఇంటర్ తప్పితే డబ్బుతో మరో దారి తెరుచుకుంటుంది. కూలివాడి కొడుకు తప్పితే రేపటి నుంచి తండ్రి వెంట పనికి వెళతాడు, ఇంట్లో పెద్దగా ఆశ్చర్యపోయేవారు కూడా ఉండరు. ఈ ఇద్దరి మధ్య ఉన్న ఇంట్లో మాత్రం ఆ ఫలితం రెండు తరాల కష్టం మీద తీర్పులా వినిపిస్తుంది. తప్పు చేసి కూడా నిలబడగలిగే స్థోమత ఎంత ఉందన్నదే ఒక కుటుంబం ఏ వర్గానిదో తేల్చే అసలు కొలత అని నా అభిప్రాయం. పిల్లల్ని గదమాయించే తీరు, బుజ్జగించే తీరు, వాళ్లకు వదిలే ఖాళీ సమయం అన్నీ అక్కడి నుంచే పుడతాయి. మనం మాత్రం వాటన్నిటినీ కలిపి పెంపకం అని పేరు పెట్టి, మంచైనా చెడైనా తల్లి ఖాతాలో రాసేస్తాం.

ఈ సంగతి మీద సమాజశాస్త్రవేత్తలు చాలాకాలంగా పనిచేస్తున్నారు. 1950ల చివర్లో మెల్విన్ కోన్ అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో తల్లిదండ్రులను కలిసి, పిల్లల్లో ఏ గుణాలు ఉండాలనుకుంటున్నారని అడిగాడు. శ్రామిక కుటుంబాలు చెప్పిన మాట వినడానికి పెద్దపీట వేశాయి. మధ్యతరగతి కుటుంబాలు సొంతంగా ఆలోచించి నడుచుకోవడాన్ని కోరుకున్నాయి. కోన్ దీన్ని సంస్కారంలో తేడాగా కొట్టిపారేయకుండా, కారణాన్ని ఆ తల్లిదండ్రుల ఉద్యోగాల్లో వెతికాడు. పైవాడి కళ్ల ముందు, చెప్పింది చెప్పినట్టు చేస్తేనే జీతం వచ్చే మనిషికి ఎదురు మాట్లాడటం ఎంత ఖరీదైన వ్యవహారమో తెలుసు. ఆ తెలివినే ఇంటికి తెచ్చి బిడ్డకు నేర్పుతాడు. తీర్మానాలు తానే చేసే ఉద్యోగంలో ఉన్నవాడు దానికి తగ్గ పాఠం చెబుతాడు. ఇద్దరూ తమకు తెలిసిన లోకానికే పిల్లల్ని సిద్ధం చేస్తున్నారు.

ఆ తర్వాత అనెట్ లరో అనే పరిశోధకురాలు ఏకంగా ఇళ్లలోకే వెళ్లింది. తొమ్మిది, పదేళ్ల పిల్లలున్న 12 అమెరికన్ కుటుంబాలతో ఆమె బృందం రోజుల తరబడి గడిపింది. చూసినదంతా 2003లో ప్రచురించింది. మధ్యతరగతి ఇళ్లలో, తెల్లవాళ్లయినా నల్లవాళ్లయినా, పిల్లల వారమంతా ఆటల శిక్షణతో, సంగీతం క్లాసులతో నిండి ఉంది. ప్రతి చిన్న విషయం మీదా పిల్లలతో చర్చ, బేరం. శ్రామిక, పేద ఇళ్లలో పెద్దలు ఒక మాట చెబుతారు, పిల్లలు చేస్తారు, మిగిలిన పొద్దంతా బంధువుల పిల్లలతో వాళ్ల ఆటలు వాళ్లవి. ఒక మధ్యతరగతి తల్లి ఆసుపత్రికి వెళుతూ కారులోనే కొడుక్కి చెబుతుంది, డాక్టరును ఏమేమి అడగాలో ఆలోచించుకొమ్మని. ఆ పిల్లవాడు నిజంగానే అడుగుతాడు, డాక్టరు పొరబడితే సరిదిద్దుతాడు కూడా. పేద ఇళ్ల తల్లులు అదే డాక్టరు ఎదుట గొంతు తగ్గించి, అడిగిన దానికి మాత్రమే జవాబిస్తారు.

ఇలాంటిది చూడటానికి మనం అంత దూరం పోనక్కరలేదు. బడిలో పేరెంట్స్ మీటింగ్ రోజున ఓ పక్కన కూర్చుంటే చాలు. ఒక తండ్రి కుర్చీ లాక్కుని కూర్చుని, లెక్కల పేపరు ఎవరు దిద్దారు, మార్కులు ఎందుకు తగ్గాయి అని అడుగుతాడు. ఇంకో తండ్రి కుర్చీ చూపించినా నిలబడే ఉంటాడు. "మీరే చూసుకోవాలి సార్, రెండు దెబ్బలు వేయండి" అంటాడు. రెండోవాడికి బిడ్డ మీద ప్రేమ తక్కువని టీచర్లు అనుకుంటారు. మొదటివాడి బిడ్డకు మళ్లీ పేపరు దిద్దుతారు. వర్గం ఒక తరం నుంచి మరో తరానికి అందేది ఇలాంటి చోట్లే. పదేళ్ల పిల్లవాడు రెండు కుర్చీల దూరంలో నిలబడి, అధికారి ముందు తన తండ్రి ఏమవుతాడో చూసి నేర్చుకుంటాడు. పన్నెండేళ్లకే ఒకడికి అడగడం హక్కుగా, మరొకడికి అడగకపోవడం మర్యాదగా స్థిరపడుతుంది.

లరో మధ్యతరగతి పద్ధతిని ఆకాశానికెత్తలేదని కూడా చెప్పాలి. ఆ ఇళ్లలో పిల్లలు అలసిపోయి ఉన్నారు, కాస్త ఖాళీ దొరికితే విసుగొస్తోందని సణిగారు, తోబుట్టువులతో తగవులాడారు. పేద ఇళ్ల పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఆటలు కల్పించుకున్నారు, చుట్టాలతో అల్లుకుపోయారు. మన దగ్గర వేసవి సెలవులకు అమ్మమ్మగారి ఊరికి వెళ్లే అలవాటు సమ్మర్ క్యాంపులకు దారి ఇచ్చిన ఇళ్లలో ఏం పోయిందో ఎవరైనా లెక్క వేస్తే బాగుంటుంది.

"కోపం ఎక్కువ, ఓపిక తక్కువ" అని పేద తల్లిదండ్రుల మీద ఒక ముద్ర ఉంది. దీనికి తమిళనాడు చెరుకు రైతుల దగ్గర మంచి జవాబు దొరికింది. చెరుకు డబ్బు ఏడాదికోసారి, కోత తర్వాతే చేతికొస్తుంది. కోతకు ముందు నగలు కుదువ పెట్టే రోజులు, తర్వాత కాస్త ఊపిరి పీల్చుకునే రోజులు. ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావ్ 464 మంది రైతులకు కోతకు ముందు, కోత తర్వాత ఒకే రకం పరీక్షలు పెట్టారు. కోతకు ముందు అదే రైతు ఏకాగ్రతలోనూ తర్కంలోనూ వెనకబడ్డాడు. మనిషి మారలేదు, చదువు మారలేదు, చేతిలో డబ్బు మారింది. 2013లో వచ్చిన ఈ పరిశోధన పిల్లల పెంపకం గురించి కాదు గానీ, ఆ కోతకు ముందటి నెలలో కొడుకు పెన్సిల్ పోగొట్టుకొని ఇంటికి వస్తే ఆ తండ్రి నోటి నుంచి ఎలాంటి మాట వస్తుందో ఊహించడం కష్టం కాదు. పోయింది పెన్సిలే, కానీ ఆ ఇంట్లో దానికి లెక్క ఉంది.

ఓపిక కథకు ఇంకో కొస కూడా ఉంది. 1960ల చివర్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన నర్సరీ బడిలో వాల్టర్ మిషెల్ చిన్నపిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, కాసేపు తినకుండా ఆగితే రెండోది ఇస్తానన్నాడు. ఆగినవాళ్లు పెద్దయ్యాక చదువులో రాణించారని తర్వాత తేలింది. ఆత్మనిగ్రహం నేర్పితే పిల్లలు బాగుపడతారని వేల ఉపన్యాసాలు ఆ ఒక్క మిఠాయి మీదే నడిచాయి. "మొక్కై వంగనిది మానై వంగునా" అనే మనకు ఆ కథ ఇట్టే నచ్చింది. అయితే ఆ బడిలో చదివినవాళ్లలో ఎక్కువమంది విశ్వవిద్యాలయ వాతావరణంలో పెరిగిన పిల్లలు. 2018లో టైలర్ వాట్స్, మరో ఇద్దరు పరిశోధకులు తొమ్మిది వందల మందికి పైగా పిల్లల వివరాలతో మళ్లీ లెక్క వేస్తే, ఆ సంబంధం మొదట చెప్పిన దానిలో సగమే ఉంది. కుటుంబ నేపథ్యం, ఇంటి వాతావరణం, చిన్ననాటి తెలివితేటలు కూడా లెక్కలోకి తీసుకుంటే అందులోనూ మూడింట రెండు వంతులు కరిగిపోయింది.

సెలెస్ట్ కిడ్ బృందం 2013లో చేసిన ప్రయోగం ఇంకా సూటిగా ఉంది. మిఠాయికి ముందు పిల్లలకు మంచి రంగు పెన్సిళ్లు తెచ్చిస్తామన్నారు. సగం మందికి తెచ్చారు, మిగతా సగం మందికి "అయ్యో, లేవు" అని చేతులు ఊపుకుంటూ వచ్చారు. మాట నిలబెట్టుకున్న పెద్దవాళ్లను చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పినవాళ్లను చూసినవాళ్లు మూడు నిమిషాలు. "జీతం రాగానే కొంటా" అన్న మాట తండ్రి తప్పు లేకుండానే పదిసార్లు తప్పిపోయే ఇంట్లో, దొరికింది వెంటనే తినేయడం తెలివైన పనే.

ఇక బడి. తెలుగునాట ఏ కుటుంబమైనా తన అంతస్తును లోకానికి ప్రకటించేది ముందు బడితోనే. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 గ్రామాల్లో ఒక పెద్ద ప్రయోగం చేశారు. ప్రభుత్వ బడి పిల్లల్లో కొందరికి లాటరీ తీసి, ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత పరీక్ష పెడితే తెలుగులో, లెక్కల్లో లాటరీ తగిలినవాళ్లకు, తగలనివాళ్లకు తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు. ప్రైవేటు బళ్లు తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయమిచ్చి, ఒక్కో పిల్లవాడి మీద ప్రభుత్వం పెట్టేదానిలో మూడోవంతు కన్నా తక్కువే ఖర్చుపెట్టి ఆ ఫలితం తెచ్చాయి కాబట్టి వాటిని చేతగానివని కొట్టిపారేయలేం. కానీ పొట్ట కట్టుకుని ఫీజు కట్టే తల్లిదండ్రులు ఆశించిన దూకుడు మాత్రం మార్కుల్లో కనిపించలేదు.

మరి ఎందుకు కడుతున్నారు? ఇంగ్లిష్ వస్తే ఉద్యోగం వస్తుందన్న లెక్క ఉంది, అది తప్పు లెక్కేమీ కాదు. దాంతోపాటు మరొకటి కూడా కొంటున్నారు. టై, బెల్టు, వాకిట్లో ఆగే పచ్చ వ్యాను. ఊళ్లో ఎవరి పిల్లలు ఇంకా సర్కారు బడికే వెళుతున్నారో అందరికీ తెలుసు. ఆ బెంచీ మీద నుంచి తమ బిడ్డను లేపి తెచ్చుకున్నామన్న భరోసాకే ఫీజులో చాలా భాగం పోతుంది. ఇది మాట్లాడటానికి ఇబ్బందిగా ఉంటుంది. ఎందుకంటే మన ఊళ్లలో ఆ బెంచీకి వర్గం పేరు ఒక్కటే ఉండదు, కులం పేరు కూడా ఉంటుంది.

బడి దాటితే ఇంటర్. ఎంపీసీ, బైపీసీ అనే రెండు ముక్కల మీద ఇన్ని లక్షల కుటుంబాలు ఇన్నేళ్లుగా పందెం కాసిన ప్రాంతం దేశంలో మరొకటి ఉండకపోవచ్చు. పదిహేనేళ్ల పిల్లవాణ్ణి హాస్టల్ ఉన్న కార్పొరేట్ కాలేజీలో చేర్చి, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్, వారానికో పరీక్ష, మార్కులను బట్టి సెక్షన్ మార్పు. పై సెక్షన్‌కు అనుభవజ్ఞులైన లెక్చరర్లు వెళతారు, కింది సెక్షన్ల ఫీజులతో ఆ జీతాలు గిట్టుబాటవుతాయి. ఈ సంగతి ఫీజు కట్టే తండ్రికి తెలియదనుకుంటే పొరపాటు. తెలిసీ కడతాడు, ఎందుకంటే కట్టకపోతే రేపు కొడుకు ఎక్కడైనా చతికిలబడినప్పుడు తాను చేయాల్సింది చేయలేదన్న మాట మిగిలిపోతుంది.

ఒకే గదిలో పక్కపక్క మంచాల మీద పడుకునే ఇద్దరు పిల్లల వెనుక ఉన్న డబ్బు మాత్రం ఒకటి కాదు. ఒకరిది నెలనెలా వచ్చే జీతంలోంచి వచ్చింది. ఇంకొకరిది బంగారం తాకట్టు, ఎత్తిన చిట్టీ, అమ్మిన అరెకరం. మొదటివాడు తప్పితే లాంగ్ టర్మ్ కోచింగ్ పేరుతో మరో ఏడాది దొరుకుతుంది. రెండోవాడికి దొరకదు, ఆ విషయం వాడికి ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. ఇంటర్ ఫలితాల మర్నాడు పత్రికల్లో వచ్చే విషాద వార్తల గురించి "ఒత్తిడి తట్టుకోలేక" అని రాస్తారు. ఒక్కొక్కరి మీద ఎంత బరువు పెట్టారో, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ఒక్క మాటలో కనబడదు.

ఈ పెట్టుబడికి డబ్బుతో పాటు సమయం కావాలి. ఆ సమయం తల్లిది. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు అప్పట్లో రోజుకు 299 నిమిషాలు అందులో గడిపారు. చేసే మగవాళ్లు 97 నిమిషాలు. పెద్దబ్బాయి పదో తరగతికి రాగానే తల్లి ఉద్యోగం మానేసిన ఇళ్లు మనకు కొత్త కావు. దాన్ని త్యాగమంటాం, ఏడాదికి ఎంత ఆదాయం వదులుకున్నదో మాత్రం లెక్కలోకి రాదు. ఉద్యోగం మానని ఇంట్లో అంట్లు తోమడానికి, వంటకు మరో తల్లి వస్తుంది. ఆమె పిల్లల హోంవర్క్ దగ్గర ఎవరూ కూర్చోరు. ఇంట్లో పెద్ద కూతురే తమ్ముడికి అన్నం పెట్టి, జడ వేసుకుని, వీలైతే బడికి వెళుతుంది. ఒక ఇంట్లో పెంపకానికి దొరికిన రెండు గంటలు ఇంకో ఇంటి పెంపకంలోంచి కోసి తెచ్చినవే. ఆ తర్వాత ఈ ఇంటివాళ్లే ఆ ఇంటివాళ్లకు పిల్లల్ని చదివించుకోమని హితవు చెబుతారు.

అన్నిటికంటే చిక్కుముడి వర్గం దాటిన కుటుంబంలో ఉంటుంది. తండ్రి తాపీమేస్త్రీ, కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మనవడు గేటెడ్ కమ్యూనిటీలో ఈత నేర్చుకుంటున్నాడు. మూడు తరాలు, మూడు వర్గాలు, ఒకే డైనింగ్ టేబుల్. నాయనమ్మ ఊరి నుంచి వచ్చి అన్నం కలిపి నోట్లో పెట్టబోతే కోడలు "తనంతట తను తినాలి అత్తయ్యా" అంటుంది. మనవడు ఎదురు ప్రశ్న వేస్తే తాతకు అది పొగరు, తండ్రికి లోలోపల గర్వం. మనసు కష్టపెట్టుకున్న పెద్దామె "మేము పెంచలేదా మిమ్మల్ని?" అంటుంది. నిజమే, పెంచారు. కానీ ఆ పెంపకం కొడుకును ఇక్కడిదాకా తెచ్చింది, ఇక్కడ ఎలా ఉండాలో నేర్పలేదు. ఇంట్లో ఎవరికీ తెలియని దాన్ని బయట కొనుక్కోవాలి. అందుకే తొలితరం ఉద్యోగుల ఇళ్లలో కోడింగ్ క్లాసులు, అబాకస్‌లు, ఒలింపియాడ్ ఫారాలు అన్ని ఉంటాయి. తాతల నాటి నుంచి చదువుకున్న ఇళ్లవాళ్లు దీన్ని చూసి కాస్త నవ్వుకుంటారు. వాళ్ల పిల్లలకు ఆ సరుకంతా భోజనాల దగ్గర మాటల్లోనే ఉచితంగా దొరుకుతుంది మరి.

పైగా ఆ కొడుకు జీతం చూడటానికి పెద్దదే గానీ అది ఒక్క ఇంటిది కాదు. చెల్లెలి పెళ్లి అప్పు, అన్న పిల్లల ఫీజులు, నాన్న మోకాలి ఆపరేషన్ అన్నీ దాని మీదే ఉంటాయి. అదే జీతం, అదే కంపెనీ, పక్క సీటులో ఉన్నవాడికి వెనకాల తండ్రి పింఛను, ఊళ్లో ఇల్లు, మామగారి భూమి ఉన్నాయి. కాగితం మీద ఇద్దరూ ఒకే తరగతి. ఒకరికి కుటుంబం దన్ను, మరొకరు కుటుంబానికి దన్ను. అమెరికాలో వీసా గడువుతో పాటు ఉద్యోగం కూడా నిలవాల్సిన తెలుగు కుటుంబాల్లో పిల్లల చదువు పట్ల కనిపించే ఆత్రుతకు సంస్కృతి కన్నా ఇలాంటి లెక్కలే ఎక్కువ కారణమని నాకు అనిపిస్తుంది.

దన్ను ఎక్కడి నుంచి వస్తుందన్నది తెలుగునాట చరిత్రతో ముడిపడిన ప్రశ్న. పల్లె నుంచి పట్నానికి చదువుకు వచ్చిన కుర్రాడికి గది, భోజనం, నాలుగు పరిచయాలు ఇవ్వడానికి కులాల హాస్టళ్లు పుట్టాయి. హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ 1918 నాటిది. భూమి ఉన్న కులాలు తమ పిల్లలకు తప్పు చేసే వెసులుబాటును ఇలా సమష్టిగా అమర్చుకున్నాయి. భూమి లేని కులాలకు ఆ పని ప్రభుత్వం చేయాల్సి వచ్చింది, అది ఆలస్యంగా జరిగింది. మొదటి గురుకుల పాఠశాల పి.వి. నరసింహారావు చొరవతో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో 1971లో తెరుచుకుంది. సాంఘిక సంక్షేమ గురుకులాలు ఆ తర్వాత విస్తరించాయి.

వాటిలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. వయసు పదమూడేళ్లు, అమ్మానాన్నలు నిజామాబాద్ జిల్లా పాకాలలో వ్యవసాయ కూలీలు. ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆమెతో పాటే ఎక్కాడు. శిక్షణ భువనగిరి కొండరాళ్ల మీద మొదలైంది. ఆ వార్తను అప్పట్లో పట్టుదల కథగా చెప్పుకున్నారు. నాకు అందులో మరో సంగతి కనిపిస్తుంది. పరీక్షకు పనికిరాని, ఉద్యోగానికి అక్కరకు రాని ఒక సాహసానికి నెలల తరబడి సమయం వెచ్చించడం బాగా ఉన్నవాళ్ల పిల్లలకే చెల్లుతుంది. కూలివాళ్ల బిడ్డకు ఆ అవకాశం దొరికింది, ఆ ఖర్చునూ ఆ ముప్పునూ ఒక సంస్థ తన మీద వేసుకుంది కాబట్టి.

పెద్దవాళ్ల వర్గస్పృహ పిల్లలకు ఎంత తొందరగా అంటుకుంటుందో, అది ఎంత వరకు వదులుతుందో కూడా ఒకరు కొలిచారు. విద్యాహక్కు చట్టంలోని 12(1)(సి) నిబంధన ప్రకారం ప్రైవేటు బళ్లు 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. ఢిల్లీ ఇలాంటి పద్ధతిని 2007లోనే మొదలుపెట్టింది. గౌతమ్ రావు అనే ఆర్థికశాస్త్రవేత్త అక్కడి ఖరీదైన బళ్లలో రిలే పరుగుపందెం పెట్టించాడు. జట్టులోకి వేగంగా పరిగెత్తే పేద పిల్లవాణ్ణి తీసుకోవాలా, నిదానంగా పరిగెత్తినా మన లాంటివాడినే తీసుకోవాలా అన్నది పిల్లల ఇష్టం. బహుమతి 50 రూపాయలే అయితే దాదాపు మూడోవంతు మంది మన లాంటివాడి వైపు మొగ్గారు. 500 అయితే చాలావరకు వేగానికే ఓటు వేశారు. అయితే పేద పిల్లలతో కలిసి ఒకే తరగతిలో చదివినవాళ్లలో ఆ వివక్ష తక్కువగా కనిపించింది. వాళ్లు ఇతరులకు ఇవ్వడంలోనూ ముందున్నారు. చదువులో తేడా ఏమిటంటే ఇంగ్లిష్ మార్కులు కాస్త తగ్గాయి, లెక్కల్లో, హిందీలో మార్పు లేదు.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చినా, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ నిబంధన ఏళ్ల తరబడి కాగితాల్లోనే ఉండిపోయింది. ప్రభుత్వాలు కారణాలు చెప్పాయి, యాజమాన్యాలు లెక్కలు చూపించాయి. ఫీజు కట్టే తల్లిదండ్రుల నుంచి మాత్రం ఆ పిల్లల్ని కూడా చేర్చుకోమన్న మాట రాలేదు. వాళ్లు కడుతున్న ఫీజులో కొంత ఆ పిల్లలు పక్కన లేకుండా చూసుకోవడానికే కదా.